దమ్ము కొలిచిన మనుషులు

2022 జూలైలో సోల్ నుంచి వచ్చిన ఒక వీడియో మీలో ఫుట్‌బాల్ చూసేవాళ్లకి గుర్తుండే ఉంటుంది. టాటెన్‌హమ్ జట్టు కొత్త సీజన్‌కి ముందు కొరియా వెళ్లింది. ఉక్కపోత. స్టేడియంలో జనం చూస్తుండగా మామూలు ప్రాక్టీసు అయిపోయింది. ఇక హోటల్‌కి పోవచ్చు అనుకునే వేళకి పరుగులు మొదలయ్యాయి. గ్రౌండు ఈ చివర నుంచి ఆ చివరికి, మళ్లీ ఆ చివర నుంచి ఈ చివరికి, మొత్తం 42 సార్లు. హ్యారీ కేన్ వంగిపోయి వాంతి చేసుకున్నాడు. ఆ దేశంలో దేవుడి లెక్కన చూసే సన్ హ్యూంగ్-మిన్ తన సొంత జనం ముందే గడ్డి మీద కూలబడ్డాడు.

ఇదంతా చేయించినాయన జాన్ పియేరో వెంట్రోనే అనే ఇటాలియన్ ఫిట్‌నెస్ కోచ్. తొంభైల్లో యువెంటస్ జట్టుని ఇలాగే పరిగెత్తించినవాడు. అక్కడ ఆయన ఒక గంట కట్టించాడంటారు. ఇక నా వల్ల కాదు అనుకున్నవాడు వెళ్లి ఆ గంట కొట్టి తప్పుకోవచ్చు, అందరూ వింటుండగా. ఆ జట్టు 1996లో చాంపియన్స్ లీగ్ గెలిచింది. సోల్ వీడియో వచ్చిన మూడు నెలలకే, 2022 అక్టోబరులో, వెంట్రోనే జబ్బు చేసి చనిపోయాడు. ఆయన చేతుల్లో నలిగిన ఆటగాళ్లే చిన్నపిల్లల్లా ఏడ్చారు. ఇక ఆ సీజన్లో టాటెన్‌హమ్ ఎన్నో స్థానంలో నిలిచిందంటారా? ఎనిమిదో స్థానంలో.

ఈ మూడు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు లెక్క కుదరదు. అంత బాధ పెట్టినవాడి మీద అంత ప్రేమ ఎందుకు? అంత బాధ పడినా కప్పు ఎందుకు రాలేదు? మరి సీజన్ మొదలవకముందే ఆటగాళ్లని పీల్చి పిప్పి చేసే ఈ ఆచారం మనసుకి నిజంగా ఏమైనా ఇస్తుందా, లేక గెలిచినవాళ్లు తర్వాత చెప్పుకునే కథేనా?

మన భాషలో దీనికి మంచి మాట ఉంది. దమ్ము. ఊపిరినీ దమ్ము అంటాం, ధైర్యాన్నీ దమ్ము అంటాం. "వాడికి దమ్ము లేదు" అంటే మెట్లెక్కలేడని అనుకోవచ్చు, ఎదురు నిలబడలేడనీ అనుకోవచ్చు. (సిగరెట్టు పీల్చడానికీ అదే మాట. దాని సంగతి కాసేపాగి.) ఊపిరితిత్తుల్లో ఉండేదీ గుండెల్లో ఉండేదీ ఒకటేనని ఫుట్‌బాల్ కోచ్‌లు వందేళ్లుగా నమ్ముతున్నారు. ఆ నమ్మకాన్ని పరీక్షకి పెట్టిన ఒక జట్టు ఉంది. విచిత్రమేమిటంటే, కష్టపడి పరిగెత్తిన జట్టుగా దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. అందమైన ఆటకి మారుపేరుగా గుర్తుపెట్టుకుంటారు. 1970 బ్రెజిల్.

*

కథ 1966లో, లివర్‌పూల్ నగరంలోని గుడిసన్ పార్క్‌లో మొదలవుతుంది. 1958, 1962 ప్రపంచ కప్పులు గెలిచి, మూడోదీ మాదేనన్న ధీమాతో బ్రెజిల్ ఇంగ్లండ్ వచ్చింది. ఆ ధీమాలో తయారీ గాలికి పోయింది. 40 మందికి పైగా ఆటగాళ్లని పిలిచి, నాలుగైదు జట్లుగా విడగొట్టి, ఊరూరా తిప్పి ప్రదర్శన మ్యాచ్‌లు ఆడించారు. అది శిబిరం కాదు, ఊరేగింపు. ఇంగ్లండ్‌లో తొలి మ్యాచ్ గెలిచారు. తర్వాత హంగరీ చేతిలో 3-1, పోర్చుగల్ చేతిలో 3-1. గ్రూప్ దశలోనే ఇంటికి.

పోర్చుగల్ మ్యాచ్‌లో పెలేని పడగొట్టి పడగొట్టి కుంటివాడిని చేశారు. అప్పటికి ప్రపంచ కప్పులో సబ్‌స్టిట్యూట్లు లేరు. దెబ్బ తగిలినవాడు కుంటుతూ అయినా గ్రౌండులో ఉండాలి, లేదా పదిమందితోనే ఆడాలి. పెలే కుంటుతూనే ఉన్నాడు. ఇక ప్రపంచ కప్పు ఆడనని తర్వాత ప్రకటించాడు కూడా.

ఆ ఓటమి తర్వాత బ్రెజిల్ పత్రికలూ పెద్దలూ తేల్చిందొకటే. మనవాళ్లకి కళ ఉంది, ఒళ్లు లేదు. యూరప్ వాళ్లు 90 నిమిషాలు పరిగెడతారు, మనవాళ్లు పరిగెత్తలేరు. ఇది సగమే నిజమని నా అభిప్రాయం. గారించా అప్పటికే పాతబడిపోయాడు, జట్టు ఎంపికలో ఒక పద్ధతంటూ లేదు, రెఫరీలు చూస్తూ ఊరుకున్నారు. అయినా ఓడిన దేశానికి ఒక్క కారణం కావాలి, అది దొరికింది. ఆ సగం నిజమే తర్వాత నాలుగేళ్లు పనిచేసింది.

పైగా తర్వాతి ప్రపంచ కప్పు మెక్సికోలో. 1968లో అదే మెక్సికో సిటీలో ఒలింపిక్స్ జరిగినప్పుడు ప్రపంచమంతా ఒక దృశ్యం చూసింది. పదివేల మీటర్ల పరుగులో ప్రపంచ రికార్డు ఉన్న ఆస్ట్రేలియా రన్నర్ రాన్ క్లార్క్ ఆరోవాడిగా గీత దాటి స్పృహ తప్పి పడిపోయాడు. ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. ఊరు సముద్ర మట్టానికి 2,240 మీటర్ల ఎత్తున ఉంది. గాలి పల్చన. పైగా యూరప్ టీవీలకి అనుకూలంగా ఉండాలని 1970లో చాలా మ్యాచ్‌లు మిట్టమధ్యాహ్నం పెట్టారు. అంటే ఎండ, ఎత్తు, రెండూ కలిసి. పాల్గొనే ప్రతి జట్టుకీ నిద్రలో కూడా వెంటాడే భయం ఒక్కటే, సెకండాఫ్‌లో కాళ్లు లేవవేమోనని.

*

1969లో అర్హత మ్యాచ్‌లకి బ్రెజిల్ కోచ్ జువావ్ సల్దాన్యా. పాత్రికేయుడు, కమ్యూనిస్టు, నోరు కట్టుకోలేనివాడు. ఆరు మ్యాచ్‌లకి ఆరూ గెలిపించాడు, 23 గోల్స్ కొట్టించాడు. అప్పుడు దేశాన్ని ఏలుతున్నది సైన్యం. అధ్యక్షుడు జనరల్ మెదిసి ఫుట్‌బాల్ పిచ్చోడు. తనకి నచ్చిన ఆటగాడిని జట్టులోకి తీసుకోమని మెదిసి అడిగాడనీ, ఆయన మంత్రుల్ని నేను ఎంపిక చేయడం లేదుగా అని సల్దాన్యా బదులిచ్చాడనీ బ్రెజిల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది ఒక్కటే కారణం కాదు. పెలే చూపు సరిగా లేదని అనడం, విమర్శించిన ఇంకో కోచ్ మీదికి తుపాకీ పట్టుకుని వెళ్లడం కూడా ఉన్నాయి. మొత్తానికి 1970 మార్చిలో, ప్రపంచ కప్పుకి మూడు నెలల ముందు, ఆయన్ని తీసేశారు. మారియో జగాలో వచ్చాడు. కానీ ఈ వ్యాసానికి కావలసింది సల్దాన్యా కాదు, జగాలో కూడా కాదు. కోచ్ మారినా మారని ఇంకో బృందం.

అద్మిల్డో షిరోల్, క్లాడియో కౌటీన్యో, కార్లోస్ అల్బెర్టో పరేరా. శారీరక శిక్షణ చూసుకునేవాళ్లు. కౌటీన్యో సైన్యంలో కెప్టెన్. పరేరాకి 27 ఏళ్లు, ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఎన్నడూ ఆడలేదు. వీళ్ల చేతిలో ఒక కొత్త పరికరం ఉంది. నిజానికి అది పరికరం కూడా కాదు. గడియారం, కొలిచిన ట్రాక్, అంతే. అమెరికా వైమానిక దళ వైద్యుడు కెన్నెత్ కూపర్ 1968లో ప్రపంచం ముందుకి తెచ్చిన పరీక్ష అది. పన్నెండు నిమిషాల్లో ఎంత దూరం పరిగెత్తగలవో పరిగెత్తు. ఆ దూరమే నీ దమ్ము. దీన్ని బ్రెజిల్ శిబిరానికి తెచ్చినవాడు కౌటీన్యో.

చదవడానికి చిన్నదిగా ఉంది కదా. ఒకసారి చేసి చూడండి. మొదటి మూడు నిమిషాలు హాయిగా ఉంటుంది. ఆరో నిమిషానికి డొక్కలో పొడుస్తుంది. తొమ్మిదో నిమిషంలో, ఇప్పుడు ఆగితే ఏమవుతుంది అని మనసు బేరమాడటం మొదలుపెడుతుంది. కూపర్ పరీక్ష అసలు కొలిచేది ఆ బేరాన్నే అని నాకనిపిస్తుంది.

ఫిబ్రవరిలో బ్రెజిల్‌లో మొదలైన శిబిరం మే నెలలో మెక్సికో చేరింది. టోర్నమెంటుకి దాదాపు నెల ముందే. ఎండలో ఆడటం అలవాటు చేసుకుంటూ, సుమారు రెండు వేల మీటర్ల ఎత్తులో ఉన్న గువానహువాటో అనే కొండ పట్టణంలో మూడు వారాలు గడిపారు. ఇందులో చిన్న తెలివి ఉంది. బ్రెజిల్ గ్రూప్ మ్యాచ్‌లు జరగాల్సింది గ్వాదలహారాలో. అది దాదాపు 1,550 మీటర్లే. పైన బతికి, కింద ఆడటం. గువానహువాటోలో రొప్పినవాడికి గ్వాదలహారాలో గాలి దండిగా ఉన్నట్టు తోస్తుంది. బ్రెజిల్ సెమీఫైనల్ దాకా అక్కడే ఆడింది. ఒక్క ఫైనల్ కోసమే మెక్సికో సిటీకి ఎక్కింది.

ఆ జట్టులో ఎవరున్నారో చూడండి. 29 ఏళ్ల పెలే, మళ్లీ ఆడనన్నవాడు. టోస్టావో, అంతకు ముందు ఏడాదే బంతి తగిలి కంటి రెటీనా చెదిరి, హ్యూస్టన్‌లో ఆపరేషన్ చేయించుకున్నవాడు. జెర్సన్, మిడ్‌ఫీల్డ్ మెదడు లాంటివాడు, విడవకుండా సిగరెట్లు కాల్చేవాడు. దమ్ము కొట్టేవాడికి దమ్ము ఎక్కడిది అని మన తాతలైతే అడిగి ఉండేవాళ్లు. వీళ్లందర్నీ ఒకే రకంగా బాదలేదు. ఎవరి కొలత వాళ్లది, ఎవరి మోతాదు వాళ్లది. ఒకరి అంకె ఇంకొకరితో పోల్చడానికి కాదు, నిన్నటి తన అంకెతో పోల్చుకోవడానికి.

*

ఇక మ్యాచ్‌లు. 1970 బ్రెజిల్ ఆరు మ్యాచ్‌లలో 19 గోల్స్ కొట్టింది. అందులో 12 సెకండాఫ్‌లో. ఒకసారి వరుసగా రాసుకుని చూస్తేగానీ నేనూ నమ్మలేదు. చెకోస్లొవేకియా మీద నాలుగింట మూడు. ఇంగ్లండ్ మీద ఉన్న ఒక్కటీ. రొమేనియా మీద మూడింట ఒకటి. పెరూ మీద నాలుగింట రెండు. ఉరుగ్వే మీద మూడింట రెండు. ఇటలీతో ఫైనల్లో నాలుగింట మూడు. అవతలివాళ్లు అలిసిపోయే వేళకి వీళ్లు మొదలుపెట్టారన్నమాట.

అయితే నాకు ఆసక్తి గోల్స్ మీద కాదు, గోల్స్ పడని నిమిషాల మీద. జూన్ 17, ఉరుగ్వేతో సెమీఫైనల్. బ్రెజిల్ వాళ్లకి ఆ పేరు వింటేనే 1950. సొంత మరకానా స్టేడియంలో, దేశమంతా గెలుపు సంబరాలకి సిద్ధమైపోయాక, ఉరుగ్వే 2-1తో ఓడించిన రోజు. ఆ రోజు నాన్న ఏడవడం చూశానని పెలే ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. ఇరవయ్యేళ్ల తర్వాత మళ్లీ అదే జట్టు, పంతొమ్మిదో నిమిషంలో కుబిల్లా కొట్టిన నీరసమైన బంతి గోల్‌కీపర్‌ని దాటి లోపలికి పోయింది. 1-0. బ్రెజిల్ చేతులు వణికాయి. పాస్‌లు తప్పాయి. ఆ తర్వాతి ఇరవై అయిదు నిమిషాల ఆట రికార్డింగ్ చూస్తే, ఇది నిజంగా ఆ జట్టేనా అనిపిస్తుంది.

కానీ తెగబడలేదు. అదే కీలకం. వెనకబడిన జట్టు సాధారణంగా రెండు రకాలుగా చస్తుంది. ఒకటి, తొందరపడి అందరూ ముందుకి ఉరికి వెనక ఖాళీ చేయడం. రెండు, మనసులో ముందే ఓడిపోవడం. తొందర దేన్నుంచి పుడుతుంది? టైమ్ అయిపోతోందన్న భయం నుంచి. ఇంకా గట్టిగా చెప్పాలంటే, టైమ్ ఉన్నా నా కాళ్లలో ఉండదన్న భయం నుంచి. జెర్సన్‌ని ఉరుగ్వే వాళ్లు వదలకుండా పట్టుకుంటే, అతను తనే వెనక్కి తగ్గి, కుర్రాడు క్లోడోవాల్డోని ముందుకి పంపాడు. 44వ నిమిషంలో ఆ క్లోడోవాల్డోయే సమం చేశాడు. తర్వాత 76లో జైర్జీన్యో, 89లో రివెలీనో. డెబ్బయ్యో నిమిషంలో కూడా మన దగ్గర సరుకుంటుంది అని తెలిసినవాడు పంతొమ్మిదో నిమిషంలో తప్పు చేసినా ఓర్చుకోగలడు. ఎత్తు మీద పరుగులు ఆ జట్టుకి ఇచ్చింది వేగం కంటే ఎక్కువగా ఓపిక.

దీనికి సరిగ్గా ఎదురుబొమ్మ మూడు రోజుల ముందు లియోన్ నగరంలో కనిపించింది. ఇంగ్లండ్, పశ్చిమ జర్మనీ క్వార్టర్ ఫైనల్. ఇంగ్లండ్ 2-0తో ముందుంది. 68వ నిమిషంలో బెకన్‌బవర్ ఒకటి తగ్గించాడు. వెంటనే ఇంగ్లండ్ మేనేజర్ ఆల్ఫ్ రామ్సీ 32 ఏళ్ల బాబీ చార్ల్‌టన్‌ని బయటికి పిలిచాడు. సెమీఫైనల్‌కి దాచుకుందామని. ఎండలో అతని కాళ్లు అరిగిపోతాయేమోనని. చార్ల్‌టన్ వెళ్లిపోయాక బెకన్‌బవర్‌కి పట్టపగ్గాల్లేవు. జర్మనీ సమం చేసి, ఎక్స్‌ట్రా టైమ్‌లో 3-2తో గెలిచింది. ఇంగ్లండ్ ఏమీ తయారవకుండా రాలేదు. వాళ్లూ నెల ముందే వచ్చారు, బొగోటా, కీటో లాంటి ఎత్తయిన ఊళ్లలో ఆడి మరీ వచ్చారు. కాళ్లు సిద్ధమయ్యాయి. ఆ కాళ్ల మీద నమ్మకం మాత్రం, ఆ ఒక్క నిమిషంలో, బెంచ్ మీద కూర్చున్నాయనకి చాలలేదు. చార్ల్‌టన్ నిజంగా అలిసిపోయాడో లేదో ఎవరూ తేల్చలేరు. అలిసిపోతాడన్న ఊహే పని ముగించింది.

*

అయితే కష్టపెడితే చాలు, నమ్మకం దానంతటదే వస్తుందా? ఇక్కడ రెండు ప్రయోగాల గురించి చెప్పాలి.

1959లో ఎలియట్ ఆరాన్సన్, జడ్సన్ మిల్స్ అనే మనస్తత్వవేత్తలు కాలేజీ అమ్మాయిల్ని ఒక చర్చా బృందంలో చేర్చుకుంటామని పిలిచారు. కొందరికి ప్రవేశ పరీక్షగా సిగ్గుతో చచ్చిపోయేలాంటి బూతు మాటలు పైకి చదివించారు. కొందరికి తేలికైన పరీక్ష, కొందరికి అసలు పరీక్షే లేదు. తర్వాత అందరికీ ఆ బృందం చర్చ టేపు వినిపించారు. కావాలనే పరమ బోరుగా తయారుచేసిన టేపు. కఠినమైన పరీక్ష దాటి వచ్చినవాళ్లకే ఆ బోరు చర్చ ఎక్కువ నచ్చింది. ఇంత బాధపడి వచ్చాను కాబట్టి ఇది మంచిదే అయి ఉండాలి. కష్టపడి చేరిన ఇంజనీరింగ్ కాలేజీని వెనకేసుకొచ్చే సీనియర్లని చూసినవాళ్లకి ఇది కొత్త సంగతేం కాదు. వెంట్రోనే కోసం కారిన కన్నీళ్లలో కొంత ఇదీ ఉండొచ్చు. కొంతే.

రెండోది 2010లో ఆక్స్‌ఫర్డ్‌లో పడవ పందేల కుర్రాళ్ల మీద జరిగింది. రోయింగ్ యంత్రం మీద ఒంటరిగా కష్టపడినప్పుడూ, అదే కష్టం ఒకే లయలో అందరితో కలిసి పడినప్పుడూ, ఎంత నొప్పి ఓర్చుకోగలరో కొలిచారు. కలిసి వేసినప్పుడు ఓర్పు బాగా పెరిగింది. గోదావరి మీద పడవ లాగినవాళ్లు "ఐలేసా" అనడానికీ, పల్లకీ బోయీలు "ఓహోం" అనడానికీ కారణం ఇప్పుడు ల్యాబ్‌లో దొరికిందన్నమాట.

మరి ఇంత ఉంటే ప్రతి కఠిన శిబిరమూ ఫలించాలి కదా. ఫలించదు. ఆట వేరు, అమెరికన్ ఫుట్‌బాల్, అయినా ఈ నమ్మకానికి అక్కడున్నంత పెద్ద పురాణం ఇంకెక్కడా లేదు. 1954లో టెక్సస్ ఏ అండ్ ఎం కాలేజీ కోచ్ బేర్ బ్రయంట్ తన ఆటగాళ్లని బస్సులెక్కించి జంక్షన్ అనే కరువు ఊరికి తీసుకెళ్లాడు. రాళ్లూ ముళ్లూ ఉన్న నేల, మండే ఎండ, ప్రాక్టీసులో నీళ్లు లేవు. నీళ్లు తాగితే మెత్తబడతారని అప్పటి నమ్మకం. పది రోజుల్లో వచ్చినవాళ్లలో మూడొంతుల్లో రెండొంతులు రాత్రికి రాత్రే పెట్టెలు సర్దుకుని పారిపోయారు. ఒక కుర్రాడు వడదెబ్బతో చావు అంచుదాకా వెళ్లి బతికాడు. మిగిలిన ముప్ఫై చిల్లర మంది ఉక్కు మనుషులయ్యారని కథ. ఆ ఏడాది ఆ ఉక్కు మనుషులు పది మ్యాచ్‌లలో తొమ్మిది ఓడారు.

రెండేళ్ల తర్వాత, 1956లో, ఆ కాలేజీ ఒక్క ఓటమీ లేకుండా తన లీగ్ గెలిచింది. దాంతో 1954 బాధకి వెనక నుంచి అర్థం వచ్చి చేరింది. పుస్తకం వచ్చింది, సినిమా వచ్చింది. పారిపోయినవాళ్ల కథ ఎవరు రాస్తారు? వాళ్లలో మంచి ఆటగాళ్లు ఎందరున్నారో? ఆరాన్సన్ ప్రయోగం మొత్తం ఒక రాష్ట్రం మీద జరిగినట్టుంటుంది నాకు. 2018లో మేరీల్యాండ్ యూనివర్సిటీలో సీజన్ ముందు పరుగుల్లో కూలిన 19 ఏళ్ల ఆటగాడు వడదెబ్బ వల్ల రెండు వారాల తర్వాత చనిపోయాడు. నైతికంగానూ చట్టపరంగానూ బాధ్యత మాదేనని యూనివర్సిటీ ఒప్పుకుంది. జంక్షన్ కథని గర్వంగా చెప్పుకునే చోట ఇదీ పక్కనే చెప్పుకోవాలి.

గువానహువాటోకీ జంక్షన్‌కీ తేడా ఎక్కడుంది? రెండూ శిబిరాలే, రెండింటా ఎండే, రెండింటా సైనిక క్రమశిక్షణే. నాకు కనిపించే తేడా ఒకటే. ఒకచోట కొలిచారు, ఇంకోచోట కొలవలేదు. 

నా హాస్టల్ రోజుల్లోది ఒక చిన్న సంగతి. పొద్దున్నే గ్రౌండు చుట్టూ రౌండ్లు కొట్టించేవారు. ఎన్ని అని అడిగితే "నేను చెప్పేదాకా" అనేవారు మా పీఈటీ సారు. ఎనిమిదో రౌండుకి సగం మంది కూలబడేవాళ్లం. ఆయన సెలవు పెట్టిన వారం ఒక సీనియర్ వచ్చి "పన్నెండు కొట్టండి, టైమ్ రాసుకుంటా" అన్నాడు. అందరం పన్నెండూ కొట్టాం. మూడో రోజుకి నా టైమ్ అర నిమిషం తగ్గింది. ఆ అర నిమిషం నేనింకా మర్చిపోలేదు. సారు మీద నాకు కోపం లేదు, ఆయనకి ఆయన గురువు నేర్పిందే మాకు నేర్పాడు. కానీ అంతం తెలియని బాధ మనిషిని లొంగదీస్తుంది. అంతం తెలిసిన బాధ మనిషికి తన గురించి ఒక వార్త చెబుతుంది. నిన్నటికంటే ఇవాళ ఇంత ఎక్కువ అని. ఆ వార్తే డెబ్బయ్యో నిమిషంలో పనికొస్తుంది. "నేను మొండివాణ్ని" అన్న గర్వం కంటే "నా దగ్గర ఇంకా ఇంత ఉంది" అన్న ఎరుక గట్టిది.

ఇదే సూత్రం ఊపిరితో సంబంధం లేకుండా మన హైదరాబాద్‌లో అంతకు ముందే నడిచింది. బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన కోచ్‌గా భారత జట్టు 1951, 1962 ఏషియన్ గేమ్స్ స్వర్ణాలూ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానమూ తెచ్చింది. రహీం సాబ్ కుర్రాళ్లకి డ్రిబ్లింగ్ నిషేధించిన టోర్నమెంట్లు పెట్టేవారు, అలవాటు లేని కాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టేవారు. అసలు మ్యాచ్ కంటే సాధన కష్టంగా ఉండాలి, కానీ ఆ కష్టానికి ఒక హద్దూ ఒక అర్థమూ ఉండాలి. వామపాదంతో నెల రోజులు తంటాలు పడ్డ కుర్రాడికి మ్యాచ్‌లో రెండు కాళ్లూ వాడుకోవచ్చంటే అదే స్వర్గం.

*

ఇక్కడితో ఆపేస్తే కథ మరీ శుభ్రంగా ఉంటుంది. కొలిచినవాళ్లు ఎవరు అన్న ప్రశ్న మిగిలిపోతుంది. కౌటీన్యో యూనిఫాం ఏ సైన్యానిది? 1968 డిసెంబరులో హక్కులన్నీ రద్దు చేసిన సైన్యానిది. ప్రపంచ కప్పు జరుగుతున్నప్పుడు అదే ప్రభుత్వం జైళ్లలో యువకుల్ని చిత్రహింసలు పెడుతోంది. తర్వాత దేశాధ్యక్షురాలైన దిల్మా రూసెఫ్ ఆ ఏడాది జనవరిలో అరెస్టయి, టోర్నమెంటు నాటికి సావో పాలో జైల్లో ఉంది. ఈ జట్టు గెలిస్తే సర్కారుకి పేరొస్తుందని తెలిసీ, లోపల ఖైదీలు జట్టు వైపే నిలబడ్డారని ఆమె చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. మెదిసి కప్పు పట్టుకుని ఫొటోలు దిగాడు. క్రమశిక్షణ ఉంటే దేశం ఇలా గెలుస్తుంది అన్నది వాళ్ల ప్రచారం.

నేను ఆ జట్టుని ప్రేమిస్తాను. ఆ పన్నెండు నిమిషాల పరుగు వెనక బ్యారక్ వాసన ఉందనీ తెలుసు. ఈ రెండింటినీ కలిపి సర్దిచెప్పే వాక్యం నా దగ్గర లేదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. గడియారం వాళ్లు పట్టుకున్నా, ఆ దమ్ముతో ఏం చేయాలో నిర్ణయించింది ఆటగాళ్లే. జెర్సన్‌ని వెనక్కి రమ్మని ఏ స్టాప్‌వాచీ చెప్పలేదు.

తర్వాతి కథ అందుకు సాక్ష్యం. కొలత రుచి మరిగినవాళ్లు కొలతే ఆట అనుకున్నారు. 1974లో బ్రెజిల్ బలంగా, బిగుసుకుపోయి ఆడి, నెదర్లాండ్స్ చేతిలో ఓడింది. 1978కి కౌటీన్యోయే జాతీయ కోచ్ అయ్యాడు. ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా మూడో స్థానంలో నిలిచి, నైతిక విజేతలం మేమే అన్నాడు. అభిమానులకి ఆ ఆట నచ్చలేదు. 1981లో, 42 ఏళ్లకే, రియో తీరంలో సముద్రంలో డైవింగ్ చేస్తూ చనిపోయాడు. పరేరా 1994లో కోచ్‌గా ప్రపంచ కప్పు గెలిచాడు. అప్పుడు కూడా జనం నసిగారు, ఇది మన ఆట కాదని.

1970 ఫైనల్లో చివరి గోల్ ఇప్పుడు ఎవరి ఫోన్లో అయినా దొరుకుతుంది. 66వ నిమిషంలో ఎడమ కాలితో ఆ సిగరెట్ల జెర్సన్ కొట్టిన గోల్ కూడా చూడండి, కానీ 86వ నిమిషానిది మాత్రం శబ్దం ఆపేసి చూడండి. ఎత్తు 2,240 మీటర్లు. ఇటలీ వాళ్లు నాలుగు రోజుల కిందటే అదే గ్రౌండులో జర్మనీతో 120 నిమిషాలు ఆడి వచ్చారు, వాళ్ల కాళ్లు బరువెక్కి ఉన్నాయి, అది ఒప్పుకోవాలి. టోస్టావో సొంత సగంలోకి వచ్చి బంతి కోసం వెంటపడతాడు. క్లోడోవాల్డో నలుగురిని దాటతాడు. రివెలీనో, జైర్జీన్యో, పెలే. పెలే బంతిని ఆపి, తల కూడా ఎత్తకుండా కుడివైపు ఖాళీలోకి తోస్తాడు. ఖాళీలో ఎవరూ లేరు. ఆ పాస్ వెళ్లేది ఇంకా ఫ్రేమ్‌లోకి రాని ఒక మనిషికి. ఎక్కడో వెనక నుంచి పరిగెత్తుకొస్తున్న రైట్ బ్యాక్ కార్లోస్ అల్బెర్టోకి. అతను వస్తాడని పెలేకి తెలుసు.

బ్రెజిల్లో ఆ తర్వాత పొద్దున్నే పార్కుల్లో, బీచ్‌లలో జనం పరిగెత్తడం మొదలైంది. మనం ఫొటోకాపీని జిరాక్స్ అన్నట్టే వాళ్ల పోర్చుగీసులో జాగింగ్‌కి ఒక మాట పుట్టింది. పరిగెత్తడానికి వెళ్లడాన్ని "కూపర్ చేయడం" అంటారు.